నాలుగువందల పదిహేడు చుక్కలు

మా నాన్న చెప్పుల జతను ఒక పీత ఎత్తుకుపోయి, కాలికి సరిపోలేదని మర్నాడు తెచ్చి గుమ్మంలో వదిలేసి వెళ్లిందని చెప్పినవాణ్ణి నేనే. మెట్టపేటలో సగంమంది ఆ కథని ఇప్పటికీ నమ్ముతారు. మిగతా సగం ఆ పీతను కళ్లారా చూశామంటారు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎవరూ నమ్మరు. మీరూ నమ్మకండి. మీరు నమ్మితే నాకు భయం వేస్తుంది.

నా పేరు పైల గురువులు. ఎనిమిదో తరగతి దాకా ఊరి బడిలో చదివాను. తొమ్మిదికి ఏరు దాటి పోవాలంటే బద్ధకించాను. అలా అలా కొట్టుకుపోయి రాజధానిలో ఆరోగ్య నిధుల విభాగంలో అటెండరుగా తేలాను. పేరు చూసి అక్కడ మందులు దొరుకుతాయనుకునేరు. ఒక్క మాత్ర దొరకదు. సూది కావాలంటే గుండుసూదే. ఏ జిల్లాలో వచ్చే ఏడు ఎందరికి ఏ జబ్బు చేస్తుంది, వాళ్ల వైద్యానికి ఎంత కావాలి అని ముందే అంచనా రాసి పైకి పంపడం అక్కడి పని.

ఎలా రాస్తారంటారా? నిరుటి అంకె తీసుకుని, దానికి పదిశాతం కలిపి, కింద సంతకం పెడతారు. పైవాళ్లు ఎలాగూ పదిశాతం కోస్తారు కనుక కలపాలి. మనం ఎలాగూ కలిపే ఉంటామని తెలుసు కనుక పైవాళ్లు కోయాలి. ముప్పై నాలుగేళ్లు చూశాను, ఈ ఆట ఒక్క ఏడూ ఆగలేదు.

ఆ రోజుల్లో మా విభాగానికి అధికారి హైమవతి మేడం. మిగతావాళ్లు జబ్బుల అంకెలు కూరగాయల చీటీలా గీకేసేవారు. ఆవిడ మాత్రం పెన్ను మూత తీసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు రాసేది. ఆ ఆగడం చూసే నాకు ఆవిడంటే గౌరవం.

ఒక ఏడాది కేంద్రం నుంచి గ్రాంటు వచ్చింది. రాష్ట్రాల్లో వైద్యానికి డబ్బు సర్దే అధికారుల సామర్థ్యం పెంచడానికట. మొదట సంచులు వచ్చాయి. తర్వాత పెద్ద హోటల్లో మూడు రోజుల శిక్షణ వచ్చింది. శిక్షణ సంగతి తెలియదు గాని, జీడిపప్పు బిస్కట్లు బాగున్నాయి. చివరికి ఒక లారీలో పెట్టె వచ్చింది. పెట్టెతోపాటు సుధాంశు అనే శాస్త్రవేత్త వచ్చాడు. గడ్డం గీసుకోవడం మరిచిపోయే రకం, అన్నం తినడం కూడా మరిచిపోయే రకం.

పెట్టె బీరువా అంత ఉంది. తెల్లగా, మెరుస్తూ, చూస్తే ఐసు ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుంది. మూడో అంతస్తు రికార్డు గదిలో దించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. వేసి, తీసేశాను. వెచ్చగా ఉంది. ఎండకి కాగిన ఇనుము వేడి కాదది. జ్వరం తగిలిన పిల్ల వీపు మీద చెయ్యి వేసినట్టుంది.

"భయపడకండి గురువులుగారూ," అని నవ్వాడు సుధాంశు. ముందు తలుపు తీసి చూపించాడు. లోపల చాటంత గాజు పలక. అందులో పలచగా ఎర్రటి జిగురు. "ఇది ఒక జిల్లా. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలకు తీసిన రక్తంలో మిగిలినదంతా ఏడాదిపాటు పోగుచేసి ఇందులో బతికిస్తున్నాం. తేడా ఏమిటంటే, ఈ పలకలో కాలం పరుగెడుతుంది. బయట పది రోజులైతే లోపల ఏడాది. జిల్లాలో వచ్చే ఏడు ఎందరి కిడ్నీలు పాడవుతాయో, ఇందులో ఇప్పుడే అన్ని నల్లచుక్కలు పడతాయి. ఇక మీరు ఊహించక్కర్లేదు, లెక్కపెట్టుకుంటే చాలు."

"ఏ జిల్లా బాబూ?"

చెప్పాడు. మాదే! నేను ఛాతీ విరుచుకుని క్యాంటీనంతా తిరిగి చెప్పాను, రాష్ట్రం మొత్తంలో మా జిల్లా రక్తమే నాణ్యమైనదని తేలిందని.

మొదటి ఏడాది ఉత్తినే చూశారు. పెట్టె మూడువందల యాభైరెండు అంది. ఏడాది తిరిగేసరికి డయాలసిస్ కోసం మా జిల్లా నుంచి సరిగ్గా అన్ని ఫైళ్లే వచ్చాయి. హైమవతి మేడం సుధాంశుకి మిఠాయి పెట్టించింది. రెండో ఏడాది నుంచి పెట్టె మాటే అంచనా అని తేల్చారు. దానికొక షరతు ఉంది. కాగితం మీద రాసిన అంకెను పెట్టె ముందున్న మీటల మీద కూడా నొక్కాలి. ఎంతమందికి ఏర్పాటు జరిగిందో పెట్టెకూ తెలియాలట. అలా తెలియజేస్తేనే గ్రాంటులో తర్వాతి వాయిదా వస్తుంది.

ఆ ఏడు పెట్టె మూడువందల ఎనభై అంది. మేడం పెన్ను మూత తీసి, ఆగింది. నేను టీ గ్లాసు పెడుతూ నోరు జారాను. అప్పుడు అది జారడమనుకోలేదు, తెలివనుకున్నాను.

"అమ్మా, ఉన్నదున్నట్టు రాసేస్తారేటి? పైవోళ్లు కోసీరంటే ముప్పైఎనిమిది మంది మంచాల కాడ నిలబడిపోతారు. అలవాటు పెకారం కలిపీండి."

"మిషను చెప్పింది కదా గురువులూ, మూడువందల ఎనభై అని."

"మిషనుకేటి తెల్సమ్మా పైవోళ్ల సంగతి?"

ఆవిడ నవ్వింది. నాలుగువందల పద్దెనిమిది రాసింది. సుధాంశు ఆ అంకె మీటల మీద నొక్కాడు. పెట్టె ఒక్కసారి ఊపిరి వదిలినట్టు చప్పుడు చేసింది. మర్నాడు తలుపు తీసి చూస్తే పలకలో చుక్కలు నాలుగువందల పద్దెనిమిది.

"చూశారా, తన తప్పు తనే దిద్దుకుంది!" అని మురిసిపోయాడు సుధాంశు. నేనూ మురిశాను. నా అంచనా మిషను ఒప్పుకుందని మళ్లీ క్యాంటీనంతా తిరిగాను.

ఫైళ్లు రావడం మొదలైంది. వరుస నంబర్లు వేసి, తాడు కట్టి, అరలో పెట్టడం నా పని. నవంబరులో ఒక ఉదయం మూడువందల తొంభై ఏడో ఫైలు విప్పాను. ఫొటోలో ముక్కుకి రెండువైపులా నత్తులు, ఫొటో తీసేవాణ్ణి ఇప్పుడే తిట్టి కూర్చున్నట్టు మొహం. పైల ఎర్నమ్మ, వయసు నలభైఆరు, ఎండుచేపల వ్యాపారం, మెట్టపేట.

నా చెల్లెలు.

ఫోను చేశాను. "ఏటే ఎర్నా, నాకు సెప్పలేదేటి?"

"ఏటి సెప్పమంటావన్నియ్యా? పండగ ముందు దాకా రెండు గంపలు నెత్తినెట్టుకుని సంతకి నడిసెల్లినాను. ఒక్క సుక్కురోరం పొద్దు లేసేసరికి కాళ్లు బూరెల్లాగ పొంగిపోనాయి. ఆసుపత్రోళ్లు రెండు కిడ్నీలూ పోనాయంతన్నారు. నెల కితం పరీచ్చ సేసినప్పుడు బాగానే ఉన్నాయట. డాకటరుబాబే తల గోక్కుంతన్నాడు."

మా ఇంటికి తీసుకొచ్చేశాను. వారానికి మూడు రోజులు నగరంలో పెద్దాసుపత్రిలో డయాలసిస్, నాలుగేసి గంటలు. ఆ మంచం మీద పడుకుని కూడా నర్సమ్మలతో చేపల బేరం ఆడేది.

ఫిబ్రవరి మధ్యకి ఫైళ్లు నాలుగువందల పద్దెనిమిది అయ్యాయి. ఆగిపోయాయి. పందొమ్మిదోది ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని తాడు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. రాలేదు.

నా సర్వీసులో సర్కారు లెక్క సరిగ్గా సరిపోవడం ఎప్పుడూ చూడలేదు. పెట్టె సొంతంగా చెప్పినప్పుడు సరిపోయిందంటే సరే, అది పెట్టె గొప్ప. కానీ ఆ ముప్పైఎనిమిది పెట్టె చెప్పినవి కావు. టీ గ్లాసు పెడుతూ నేను చెప్పినవి. అరలోంచి చివరి ముప్పైఎనిమిది ఫైళ్లు దించి ఒక్కొక్కటే మేడం బల్ల మీద పరిచాను. అన్నిట్లోనూ ఒకటే రాత. నెల ముందు పరీక్షలో ఏ దోషమూ లేదు. ఒక్క ఉదయాన రెండు కిడ్నీలూ పోయాయి.

మేడం అన్నీ చదివింది. సుధాంశుని పిలిచింది. అతనూ చదివాడు. గోడకి ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు.

"రక్తం ఒకటే," అన్నాడు తనలో తాను. "పలకలో ఉన్నదీ వాళ్లలో ఉన్నదీ ఒకటే. అక్కడ జరగబోయేది ఇక్కడ కనిపిస్తుందంటే, ఇక్కడ చేసింది అక్కడ..."

మా ఊళ్లో గిలకబావికి ఒకే తాడు, రెండు చేదలు ఉండేవి. ఒకటి దింపితే రెండోది పైకి లేచేది. చిన్నప్పుడు తెలియక చేద లాగి, అవతల నీళ్లు తోడుకుంటున్న మా పిన్ని ముక్కు పగలగొట్టాను. పెద్ద చదువుల సంగతి నాకు తెలియదు గాని, ఈ సంగతి నాకు వెంటనే తెలిసింది.

"అయితే తగ్గిద్దాం," అంది మేడం. "మూడువందల ఎనభై నొక్కు. వాళ్లు బాగవుతారు కదా!"

సుధాంశు ముందు ఒక్కటే తగ్గించి చూద్దామన్నాడు. దేవుడు అతనికి ఆ బుద్ధి పుట్టించబట్టి సరిపోయింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకి నాలుగువందల పదిహేడు నొక్కాడు. ముగ్గురం తలుపు తీసి, తలలు ఆనించి చూశాం. పై వరసలో ఒక నల్లచుక్క పల్చబడింది. ఎర్రగా మారుతుందని చూస్తున్నాం. మారలేదు. ఆ చుక్క ఉన్నచోట చిన్న కంత పడింది. అందులోంచి అవతలి గాజు కనిపించింది.

నాలుగు గంటలకి జిల్లా ఆసుపత్రి నుంచి ఫోను. నాలుగువందల రెండో ఫైలు, దర్జీ దాలినాయుడు, డయాలసిస్ వరసలో కూర్చుని టీ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడట. గ్లాసు కూడా కింద పడలేదట. ఎప్పుడని అడిగింది మేడం. పన్నెండింటికి.

ఆ తర్వాత మేడం ఎన్ని రోజులు పెరుగన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తీసుకెళ్లిందో నేను లెక్కపెట్టలేదు. సుధాంశు అయితే పెట్టె ముందు కూర్చుని తన చేతివేళ్లనే చూసుకునేవాడు.

"ఆపీయరాదేటి బాబూ దీన్ని?" అని అడిగాను.

"ఆపితే పలక చల్లబడుతుంది గురువులుగారూ."

"చల్లబడితే?"

అతను పెట్టె తలుపు నెమ్మదిగా మూశాడు. పలకలో ఉన్నది మా జిల్లా.

మేడం పైఅధికారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పేస్తానంది. ఫైళ్లు మోసుకుని నేనూ వెళ్లాను. ఏసీ గదిలో ఆయన ఓపిగ్గా విన్నాడు. నవ్వుతాడనుకున్నాం, నవ్వలేదు. తిడతాడనుకున్నాం, తిట్టలేదు. చేతిలో పెన్ను తిప్పుతూ కాసేపు ఆలోచించాడు.

"అంటే హైమవతిగారూ, అంకె తగ్గిస్తే పేషెంట్లూ తగ్గుతారంటారు. అంతేనా?"

మేడం మొహం చూశాను. చల్లటి గదిలో ఆవిడకి చెమట పట్టింది. "లేదండీ. యంత్రంలో లోపం ఉందేమోనని అనుమానం. మళ్లీ పరిశీలించి చెబుతాను," అని లేచింది. మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని ఆగి, "గురువులూ, ఈ మాట ఇక ఎవరితోనూ అనకు," అంది. అందుకే ఇన్నాళ్లూ అనలేదు. ఆవిడ పోయినేడు కాలం చేసింది కనుక అంటున్నాను.

మార్చి నెల చివరి వారంలో మంజూరు ఉత్తర్వు వచ్చింది. ఏడాదికి కావలసిన డబ్బు ఏడాది అయిపోయాక మంజూరవడం మా దగ్గర మామూలే. నేనే తెచ్చి బల్ల మీద పెట్టాను. మేడం చదివి నా వైపు తిప్పింది. నాలుగువందల పద్దెనిమిదికి అలవాటు ప్రకారం పదిశాతం కోశారు. ఆమోదించిన సంఖ్య మూడువందల డెబ్భైఆరు. ఆ సంఖ్యను ముప్పైఒకటో తేదీలోగా పెట్టెలో నమోదుచేసి తెలియజేయాలి.

పలకలో చుక్కలు నాలుగువందల పదిహేడు. నలభైఒక్క మంది.

"ఎవరెవరో మనకి తెలియదు," అన్నాడు సుధాంశు. "వరస ప్రకారం పోవు. దాలినాయుడిది చివరి నంబరు కాదు."

"నేను నొక్కను," అంది మేడం.

"మీరు నొక్కకపోతే రేపు ఆయనే మనిషిని పంపుతాడు మేడం. ఉత్తర్వు ఇక్కడికి చేరినట్టు రసీదు ఉంది."

ఇద్దరూ తలలు పట్టుకున్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లకి ఇలాంటప్పుడు తోచదు. నేను బల్ల దగ్గరికి వెళ్లి ఉత్తర్వు మడిచి చేతిలోకి తీసుకున్నాను.

"అమ్మా, ముప్పై నాలుగేళ్లలో నాను పోగొట్టిన ఫైలు ఒక్కటీ లేదు. ఎనకటి గుమస్తా నాయుడుగోరి పెన్షను ఫైలు ఎలక తినీసిందంటే, ఎలకని పట్టి ముక్కలతో సహా తెచ్చిచ్చినోణ్ణి. అలాటోణ్ణి ఒక్కటి పోగొట్టుకుంటే ఎవులేటంతారు?"

"ఉద్యోగం పోతుంది గురువులూ."

"రెండు నెల్లలో రిటైరమెంటు. పోతే ఏటి పోద్ది, సన్మానంలో పూలదండేగదా!"

నా స్టూలు మీద ఒక దూది దిండు ఉండేది. దాని కుట్టు విప్పి, ఉత్తర్వు లోపల పెట్టి, మళ్లీ కుట్టుకుని దాని మీద కూర్చున్నాను. అసలు ఉత్తర్వు కాగితం చేతిలో లేనిదే సర్కారులో ఎవడూ మీట నొక్కడు. మార్చి ముప్పైఒకటిన ఉదయం నుంచి సాయంత్రం దాకా లేవలేదు. పైనుంచి మనుషులు వచ్చారు, బీరువాలన్నీ తిరగేశారు, చెత్తబుట్టలు బోర్లించారు. ఒకాయన నన్నూ లెమ్మన్నాడు. మొలలొచ్చాయని, లేవలేనని చెప్పాను. నా జన్మలో చెప్పిన అబద్ధాలన్నిట్లో అంత పనికొచ్చింది మరొకటి లేదు.

గడువు దాటింది. గ్రాంటు మురిగింది. ఉత్తర్వు పోయినందుకు మేడంకి మెమో ఇచ్చి, మారుమూలకు బదిలీ చేశారు. నా పేరు ఆవిడ నోటివెంట రాలేదు. వెళ్లేముందు వారం రోజులు కూర్చుని నాలుగువందల పదిహేడు మందికీ అంకె లేకుండా, పేరూ ఊరూ ఫొటోతో విడివిడిగా దరఖాస్తులు రాసి రాష్ట్ర నిధికి పంపింది. అంకెనైతే కోసేవాళ్లు గాని, ఎర్నమ్మ మొహం చూశాక ఎవడు కోస్తాడు? అందరికీ వైద్యం మంజూరైంది.

పెట్టెను పనికిరాని సామాను కింద రాసేశారు. పనికిరాని సామాను సర్కారులో ఎక్కడికీ పోదు. రికార్డు గదిలోనే ఉంది. సుధాంశు ఉద్యోగం మానేశాడు. పలకకు పోసే మందు కలపడం నాకు నేర్పి, సరుకు మాత్రం నెలనెలా పోస్టులో పంపుతున్నాడు. ఉత్తరం ఉండదు. నేను రిటైరైనా రోజూ పోతాను. కాపలావాడికి నా పీత కథ ఇష్టం, లోపలికి వదిలేస్తాడు. కరెంటు పోతే ఇన్వర్టరు గంటన్నర నిలుస్తుంది, అది దాటితే వేడినీళ్ల సీసాలు పెట్టి పలకను నేనే వెచ్చగా ఉంచాలి. తలుపు తీసి చుక్కలు లెక్కపెడతాను. పలక లోపల కాలం ఎందుకో ఇప్పుడు పరుగెత్తడం లేదు. మనతోపాటే నడుస్తోంది. ఎప్పుడైనా ఒక కంత పడితే, మర్నాడు పేపర్లో మా జిల్లా పేజీ వెతుక్కుంటాను. ఇంకో సంగతి. తలుపు తీసినప్పుడల్లా చుక్కలన్నీ కాస్త నా వైపుకి జరిగి ఉంటాయి. ఇది నమ్మకపోయినా ఫర్వాలేదు.

మొన్న గురువారం ఎర్నమ్మ పక్కన ఆసుపత్రిలో కూర్చున్నాను. గొట్టాల్లో దాని రక్తం బయటికి పోయి, తిరిగి లోపలికి వస్తోంది.

"ఓ కత సెప్పన్నియ్యా. ఇంకా రెండు గంటలుంది."

"పీత కతా?"

"ఎన్నిమార్లు ఇనీది ఆ పీతని? కొత్తది సెప్పు."

ఏ దేవుడు తోశాడో, పెట్టె కథ చెప్పాను. పేర్లు లేకుండా, నాది కాదన్నట్టు చెప్పాను. పక్క మంచం ఆయన కూడా విన్నాడు. అటెండరు దిండు మీద కూర్చున్న ఘట్టం దగ్గర ఎర్నమ్మ గొట్టాలు కదిలిపోయేలా నవ్వింది.

"నీ నోరు తాటిమట్టతో కొట్టా! ఎక్కడి నుంచి తెస్తావురా ఇయ్యన్నీ?" అని కళ్లు తుడుచుకుంది. కాసేపు పైకప్పు చూసింది. "అయితే మిసను సెప్పింది ఎంతన్నావు?"

"మూడొందల ఎనబై."

మంచం తలవైపు దాని ఫైలు వేలాడుతుంది. అట్ట మీద పెద్ద అక్షరాలతో మా విభాగంలో నేను వేసిన వరుస నంబరు, మూడువందల తొంభై ఏడు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు చూస్తున్న నంబరు. ఎర్నమ్మ మెడ తిప్పి దాన్ని చూసింది. మళ్లీ నన్ను చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

సంతలో గంపెడు చేపల్లో పాడైన ఒక్కదాన్ని చేత్తో ముట్టకుండా పట్టేసే మనిషి. దానిముందు నా మొహం ఎంతసేపు దాగుతుంది?

మిషను ఉండుండి బీప్ అంటోంది. పక్క మంచం ఆయన నిద్రపోయాడు. తిడుతుందని కాచుకున్నాను. ఎందుకు చేశావని అడిగితే చెప్పగలిగింది ఒక్కటే. అలవాటు, అంతే.

అప్పుడు గది లైట్లన్నీ ఒక్కసారి ఆరి, జనరేటరు చప్పుడుతో మళ్లీ వెలిగాయి.

"కరెంటు పోనాదా?" అంది ఎర్నమ్మ.

"ఊరంతా పోయినట్టుందే."

"ఆ పెట్టి కాడ ఎవులున్నారిప్పుడు?"

"ఎవులూ లేరు."

ఖాళీగా ఉన్న చెయ్యి చాచి నా భుజం మీద ఒక్క తోపు తోసింది.

"మరి లెగు. ఇక్కడేటి సేస్తన్నావు?"